ఆవు నాకడం, అమ్మ నిమరడం: పసిపిల్లలకు జంతువుల ప్రేమ, ఇంటివాళ్ళ ప్రేమ చూపించే పద్ధతి

రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "జంతువులతో ప్రేమగా ఉండాలి, ఇంట్లోవాళ్ళతో ప్రేమగా ఉండాలి అని రోజూ చెబుతూనే ఉన్నామండీ, వాడు మాత్రం పిల్లి తోక పట్టుకుని లాగుతాడు, తాతయ్య ఎత్తుకోబోతే కొడతాడు, ఏం చేయమంటారు?"

ముందు చెప్పడం ఆపండి. ఆ వయసు పిల్లకు "ప్రేమ" అనే మాట చేతికి దొరికే వస్తువు కాదు. ఆవు దూడను నాకడం కనిపిస్తుంది, అమ్మ తల తుడవడం ఒంటికి తెలుస్తుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మిగతాది వాళ్ళే కలుపుకుంటారు. మనం చూసుకోవాల్సింది వరస మాత్రమే. ముందు ఇల్లు, తరవాత దూరం నుంచి జంతువు, తరవాత ఇంట్లో ఆట, అన్నిటికంటే చివర తాకడం. చాలామంది తాకడంతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాను, ఆ సంగతి 6లో చెబుతాను.

1. మొదలుపెట్టే ముందు సర్దుకోవలసినవి

ఒక వారానికి ఒక జంతువు, ఒక్క పని చాలు. "ఆవు – నాకడం." అంతే. ఆవు పాలిస్తుంది, గడ్డి తింటుంది, పేడ వేస్తుంది అని పాఠం మొత్తం ఒకేసారి అప్పజెబితే పిల్లకు పేడ ఒక్కటే గుర్తుంటుంది (అదీ నాలుగు రోజులు నవ్వుకోవడానికి).

ఒక విడతకు నాలుగైదు నిమిషాలు మించి కూర్చోబెట్టకండి. మూడేళ్ళ పిల్ల తల తిప్పేసిందంటే ఆ పూటకు అయిపోయినట్టే, మళ్ళీ సాయంత్రం చూసుకోవచ్చు.

ఇంకొకటి చాలా ముఖ్యం, దీన్ని దాటేసి ముందుకు వెళ్ళకండి. అన్నం తినిపించడానికి "అదిగో కుక్క వస్తోంది, కరుస్తుంది, తినెయ్" అనే అలవాటు మీ ఇంట్లో ఉంటే, కనీసం ఒక నెల ముందు నుంచి దాన్ని మానేయండి. బామ్మలకు, ఆయాలకు కూడా చెప్పి మాన్పించండి. పొద్దున బూచిగా చూపించిన కుక్కనే సాయంత్రం "చూడు, పిల్లల్ని ఎంత ముద్దుగా చూసుకుంటోందో" అంటే ఆ పిల్ల ఏది నమ్మాలి?

దగ్గర పెట్టుకోవలసినవి:

- ఒక పాత తువ్వాలు, ఒక పెద్ద చున్నీ లేదా మెత్తటి చీర
- జంతువు బొమ్మ ఒకటి (గుడ్డతో చేసిందయితే మేలు, లేకపోతే చుట్టిన తువ్వాలే దూడ)
- ఇంట్లోవాళ్ళ ఫోటోలు నాలుగైదు, ఫోన్‌లో కాకుండా చేత్తో పట్టుకునేవి
- బయటికి వెళ్ళేటప్పుడు సబ్బు, నీళ్ళ సీసా
- మీకు ఓపిక ఉన్న పూట. ఆఫీసు ఫోన్ మోగే పూట వద్దు

2. ముందు మీ ఇంట్లో ప్రేమ ఎలా కనిపిస్తుందో లెక్క వేసుకోండి

దీన్ని పిల్ల లేనప్పుడు చేయండి, కాగితం మీద రాయండి. మన ఇళ్ళలో "ఐ లవ్ యూ" అనుకోవడం ఈ మధ్య వచ్చిందే కానీ, ప్రేమ చూపించే పనులకు మాత్రం ఎప్పుడూ కొదవ లేదు. కాకపోతే అవి ఎంత మామూలైపోయాయంటే మనకే కనపడవు.

నా కాగితం మీద రాసుకున్నవి ఇవి: నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం పోయడం. అన్నం కలిపి గోరుముద్దలు పెట్టడం. రెండు చేతులతో మొహం చుట్టూ తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచే అమ్మమ్మ. ఉప్పుమూట ఆడించే నాన్న. బజారు నుంచి వచ్చేటప్పుడు చేతి సంచీలో ఒక జామకాయ దాచి తెచ్చే తాతయ్య. ఫోన్ ఎత్తగానే "తిన్నావా?" అని అడిగే పెద్దమ్మ. నిద్రలో దుప్పటి లాగేసుకున్నా మళ్ళీ కప్పే అక్క.

పిలుపులు కూడా రాయండి. మనవాళ్ళు పిల్లల్ని "నాన్నా", "అమ్మా", "తల్లీ" అని పిలుస్తారు కదా, పిల్లలకు అది పెద్ద వింత. మావాడు మూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్నను నిలదీశాడు, "నాన్నవి నువ్వు కదా, నన్నెందుకు నాన్నా అంటావు?" అని. ఆయనకు జవాబు తోచక "ముద్దొచ్చి" అన్నాడు. నిజానికి అదే సరైన జవాబు.

ఇప్పుడు మూడు రోజుల పాటు ఒకటే పని: ఆ పని జరుగుతున్నప్పుడు దానికి పేరు పెట్టండి. "అమ్మమ్మ నీ తల తుడుస్తోంది." "నాన్న నీకు దుప్పటి కప్పాడు." అంతే, "ఎందుకంటే నువ్వంటే ప్రేమ" అని తోక తగిలించకండి. ఆ తోక తరవాత పిల్లే తగిలిస్తుంది.

3. ఏ జంతువులో ఏ పని చూపించాలి

అన్నీ చూపించనక్కర్లేదు. మీకు దగ్గరలో ఏవి ఉంటే అవి. నేను వాడేవి, నేను వాడే వరసలోనే ఇస్తున్నాను.

ఆవు – నాకడం. మొదటిదిగా ఇంతకంటే మంచిది లేదు, గేదె అయినా ఫరవాలేదు. ఈనిన వెంటనే ఆవు దూడను ఒళ్ళంతా నాకుతుంది. తడి ఆరుతుంది, ఒంట్లో రక్తం చురుగ్గా ఆడుతుంది, దూడ లేచి నిలబడటానికి తయారవుతుంది. ఆ కాసేపట్లోనే వాసనను బట్టి ఈ దూడ నాదే అని ఆవు గుర్తుపెట్టుకుంటుంది. నోరు తెరవకుండా లోగొంతుతో ఒక చిన్న శబ్దం కూడా చేస్తుంది, మామూలు "అంబా" కాదు, దగ్గరగా ఉంటేనే వినపడుతుంది.

మా పక్కవీధిలో ఆవు ఈనినప్పుడు మావాణ్ణి గోడ ఇవతల నా చంకలో ఎత్తుకుని నిలబడ్డాను. దూడ తడిసి ముద్దయి, చెవులు వేలాడేసుకుని పడి ఉంది. ఆవు మెడ దగ్గర మొదలుపెట్టి వీపు మీదుగా తోక దాకా, మళ్ళీ మెడ దగ్గరికి, నాలుక గరగర శబ్దం మాకు వినపడుతూనే ఉంది. దూడ వెనకకాళ్ళు ఎత్తి, ముందుకాళ్ళు మడతపడి బోర్లాపడింది. ఆవు ఆగి చూసి మళ్ళీ నాకింది. మావాడు నా చెవిలో, "దానికి తువ్వాలు లేదా?" అన్నాడు. నేను ఆ రోజు చేసిన ఒకే ఒక్క తెలివైన పని ఏమిటంటే, పాఠం చెప్పకుండా "లేదు, నాలుకే తువ్వాలు" అని ఊరుకోవడం. రాత్రి స్నానం అయ్యాక వాడే అన్నాడు, "ఆవులాగా తుడువు" అని.

కోడి – రెక్కల కింద దాచుకోవడం. పొదుగు మీద కోడి 21 రోజులు కూర్చుంటుంది. పిల్లలయ్యాక మొదటి కొన్ని వారాలు వాటి ఒళ్ళు వేడి వాటికి చాలదు, అందుకే కాసేపు తిరిగి వచ్చి అమ్మ రెక్కల కింద దూరతాయి. పిల్లలకు చూపించవలసింది రెక్కలు కాదు, కింద చూపించండి. కోడి పొట్ట కింద నుంచి డజను బుల్లి కాళ్ళు కనపడతాయి. "కోడికి ఎన్ని కాళ్ళో లెక్కపెట్టు" అన్నారంటే ఒక పూట గడిచిపోతుంది.

దానితోపాటే గింజల సంగతి. కోడికి గింజ దొరికితే తాను మింగకుండా టుక్ టుక్ మని పిలుస్తూ దాన్ని ముక్కుతో ఎత్తి పడేస్తుంది, ఎత్తి పడేస్తుంది, పిల్లలు పరిగెత్తుకొస్తాయి. ఇది చూసిన పూటే మధ్యాహ్నం గోరుముద్దలు పెట్టండి, నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు.

పిల్లి – నోట కరుచుకుని తీసుకెళ్ళడం. ఇది చూసి పిల్లలు బెదిరిపోతారు, "కరిచేస్తోంది!" అని. మెడ వెనక వదులుగా ఉండే తోలును పళ్ళు దిగకుండా పట్టుకుంటుందని, కూన కూడా కదలకుండా ముడుచుకుని ఉంటుందని చూపించండి. ఏడిళ్ళు తిప్పడం అంటారు కదా, నిజంగానే చోటు మారుస్తూ ఉంటుంది, అలికిడి ఎక్కువైతే ఇంకా. ఇంట్లో దీనికి జత: సోఫాలో నిద్రపోయిన పిల్లను నాన్న ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టడం. పొద్దున లేచి "ఇక్కడికెలా వచ్చాను?" అని అడిగినప్పుడు చెప్పడానికి ఇదే సమయం. మెడ తోలు పట్టి ఎత్తడం మాత్రం తల్లిపిల్లి పని, మనం అలా ఎత్తకూడదని ఆ రోజే చెప్పేయండి.

పిల్లి కళ్ళు మెల్లగా అరమోడ్చడం కూడా చూపించవచ్చు. మనం అలా మెల్లగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే చేయడం, దగ్గరికి రావడం ఎక్కువగా జరుగుతుందని 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశీలించి చెప్పారు. చేయి పెట్టకుండా, దూరంగా కూర్చుని ప్రేమ చూపించే మార్గం కాబట్టి పసిపిల్లలకు ఇంతకంటే క్షేమమైన పని దొరకదు.

కోతి – పొట్టకు కరుచుకోవడం, పేలు చూడటం. పిల్లికూనను తల్లి పట్టుకుంటుంది, కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. మార్జాల కిశోర న్యాయం, మర్కట కిశోర న్యాయం అని పెద్దవాళ్ళు భక్తి గురించి చెప్పేది దీన్నే, పసివాళ్ళకు పేర్లు వద్దు, "ఎవరు ఎవర్ని పట్టుకున్నారు?" అనే ప్రశ్న చాలు. కోతులు ఒకదాని బొచ్చులో ఒకటి వేళ్ళు పెట్టి వెతుక్కోవడానికి జత మీకు చెప్పనక్కర్లేదు, మెట్ల మీద కూర్చుని అమ్మమ్మ తలలో పేలు చూడటమే. కానీ గుడి దగ్గర కోతులకు దూరం. అది పళ్ళు బయటపెడితే నవ్వు కాదు, భయమో బెదిరింపో.

కొంగలు – నీడ పట్టడం. ఇది నాకు బాగా ఇష్టమైనది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెడతాయి. ఎండ పెరిగే వేళ తల్లికొంగో తండ్రికొంగో రెక్కలు రెండూ వెడల్పుగా చాపి సూర్యుడికి అడ్డంగా నిలబడుతుంది, ఆ నీడలో పిల్లలు. గూడబాతు పిల్లయితే తల మొత్తం అమ్మ ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపలు తింటుంది, పిల్లలు దీనికి పడిపడి నవ్వుతారు. శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలో, చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఊరివాళ్ళు ఈ పక్షులను పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, వాటిని ఎవరినీ తరమనివ్వరు. ఇంట్లో జత: బండి మీద వెళ్ళేటప్పుడు పిల్ల మొహానికి ఎండ తగలకుండా అమ్మ కప్పే కొంగు. కొంగ రెక్క, అమ్మ కొంగు. ఈ మాటల పోలిక పట్టుకుంటే నాలుగేళ్ళ పిల్ల ఇక వదలదు.

ఏనుగు. అమ్మానాన్నల దగ్గర కాకుండా అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరిగే పిల్లలకు దీన్ని తప్పకుండా చూపించండి. మందకు పెద్దది ఒక ముసలి ఆడ ఏనుగు, గున్నను తల్లితోపాటు అక్కలు, పిన్నులు కూడా కాస్తారు. తొండంతో తడుముకుంటాయి, ఒకదాని నోట్లో ఒకటి తొండం పెట్టి పలకరించుకుంటాయి.

చీమల గురించి ఒక మాట. గోడ మీద ఎదురుపడ్డ చీమలు మీసాలు ఆనించుకోవడం చూసి పిల్లలు "ముద్దు పెట్టుకుంటున్నాయి" అంటారు. "మన పుట్టదేనా అని వాసన చూసుకుంటున్నాయి" అని చెప్పండి. లేని ప్రేమను అతికించకండి, ఉన్నది చాలినంత ఉంది.

4. చూడటానికి వెళ్ళే రోజు

1. ముందురోజే కబురు చేయండి. పశువుల వాళ్ళయితే "అన్నా, పిల్లాణ్ణి తీసుకొస్తాం, దూరం నుంచి చూసి పోతాం" అంటే ఏ వేళకు రావాలో వాళ్ళే చెబుతారు. పాలు పితికే వేళకు వెళ్ళవద్దు, ఆవుకూ ఆయనకూ ఇద్దరికీ చిరాకు.

2. పిల్ల కడుపు నిండా తిని, నిద్ర తీరి ఉండాలి. ఆకలితో ఉన్న పిల్లకు ఏనుగు చూపించినా ఏడుపే.

3. వెళ్ళే దారిలో ఒక్క ప్రశ్న ఇవ్వండి. "దూడ ఎక్కడ పడుకుందో వెతుకుదామా?" రెండోది వద్దు.

4. అక్కడికి చేరాక చంకలో ఎత్తుకోండి లేదా చేయి పట్టుకుని నిలబడండి. జంతువుకు, మీకు మధ్య గోడో కంచెనో ఉంటే మంచిది. లేకపోతే కనీసం పది పెద్ద అడుగుల దూరం. పిల్లల తల్లి, ఏ జంతువైనా సరే, దగ్గరికొస్తే ఊరుకోదు.

5. మొదటి నిమిషం మీరు నోరు విప్పకండి. ఇది చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే.

6. పిల్ల ఏదో ఒకటి అంటుంది. ఆ మాటనే తిరిగి అనండి. "తువ్వాలు లేదా?" అంటే "లేదు, నాలుకే తువ్వాలు."

7. వచ్చేసేటప్పుడు జంతువుకు "వెళ్ళొస్తాం" చెప్పించండి. చేతులు సబ్బుతో కడగండి, తాకకపోయినా సరే, అలవాటు కోసం.

జూకి వెళితే ఒక పూటలో రెండు చోట్ల మాత్రమే ఆగండి. హైదరాబాద్‌ నెహ్రూ జూ పార్కుకు సోమవారం సెలవు, అది చూసుకోకుండా పిల్లల్ని తయారుచేసి గేటు దాకా తీసుకెళ్ళి వెనక్కి వచ్చిన వాళ్ళు నాకు ఇద్దరు తెలుసు, అందులో ఒకరు నేనే.

5. ఇంటికొచ్చాక ఆట

చూసింది ఒంటికి ఎక్కేది ఇక్కడే. అదే రోజు, కుదరకపోతే మర్నాడు ఆడండి.

- ఆవు తువ్వాలు: స్నానం అయ్యాక మెడ నుంచి వీపు మీదుగా మెల్లగా తుడవండి, లోగొంతుతో "మ్మ్" అంటూ. తరవాత పిల్ల ఆవు, మీరు దూడ. మీ జుట్టు తడిపి ఇవ్వండి, లేకపోతే ఒప్పుకోరు.
- కోడి రెక్క: చున్నీ భుజాల మీద వేసుకుని చేతులు చాపండి. "గద్దొస్తోంది" అనగానే వచ్చి దూరాలి. ఇంట్లో ఇంకా పిల్లలుంటే ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడే గద్దా-కోడిపిల్లల ఆట ఉండనే ఉంది.
- పిల్లి నడక: బొమ్మను చున్నీలో మూటకట్టి ఒక గది నుంచి ఇంకో గదికి, కూన లేవకుండా, చప్పుడు కాకుండా తీసుకెళ్ళాలి. రెండేళ్ళ పిల్లలు కూడా ఇందులో ఎంత మెత్తగా నడుస్తారో చూస్తే మీకే ఆశ్చర్యం.
- ఎవరి పని?: ఫోటోలు పరచండి. "కొంగలాగా నీడ పట్టేదెవరు?" "కోడిలాగా ముద్దలు పెట్టేదెవరు?" పిల్ల ఫోటో ఎత్తి చూపించాలి. తప్పొప్పులు లేవు. మా ఇంట్లో ఒకసారి "కోతిలాగా కరుచుకునేదెవరు?" అంటే మావాడు వాళ్ళ నాన్న ఫోటో తీశాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

6. తాకడం: అన్నిటికంటే చివర

మావాడికి మూడున్నర ఏళ్ళప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. "కుక్క తోక ఊపిందంటే మనమంటే ఇష్టమన్నమాట" అని నేర్పించాను. వారం తిరక్కుండా తెలిసినవాళ్ళ ఇంట్లో ఎప్పుడూ చూసే కుక్కే తోక ఊపుతోందని వెళ్ళి మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకున్నాడు. అది బిగుసుకుపోయింది, మొహం పక్కకు తిప్పుకుంది, నాకు అర్థమయ్యేలోపే నోరు ఆడించింది. బుగ్గ మీద పన్ను గీరుకుని రక్తం వచ్చింది. ఇంజక్షన్లు వేశారు, గాయం చుట్టూ కూడా మందు ఎక్కించారు, వాడి ఏడుపు కంటే నా ఏడుపే ఎక్కువ. కుక్క తప్పు లేదు. కౌగిలి మనుషుల ప్రేమ, కుక్కకు అది మెడ పట్టేయడం.

తోక ఊపడం ఒక్కటే చూస్తే చాలదు. ఒళ్ళు వదులుగా ఊగుతుంటే అది స్నేహం. ఒళ్ళు బిగబట్టి, తోక పైకెత్తి కొసను మాత్రం ఆడిస్తుంటే దూరంగా ఉండాలి. పెదాలు నాక్కోవడం, నిద్ర లేకుండా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా చూడటం, ఇవన్నీ "నన్ను వదిలెయ్" అనడమే.

తాకనిచ్చే ముందు ఈ వరస:

1. పెంచుకునే జంతువు మాత్రమే, దాని మనిషి పక్కనే ఉండాలి.
2. "అత్తా, ముట్టుకోవచ్చా?" అని పిల్లే అడగాలి.
3. తరవాత జంతువును అడగాలి. చేయి చాపకుండా నిలబడి, అది దానంతట అది దగ్గరికి వస్తుందో లేదో చూడాలి. రాకపోతే ఆ రోజుకు అంతే.
4. వస్తే పక్క నుంచి, భుజం మీదో వీపు మీదో, అరచేత్తో మూడుసార్లు నిమిరి చేయి తీసేయాలి. ఇంకా కావాలంటే అదే జరిగి వస్తుంది.
5. తల మీద తట్టడం, కౌగిలి, మొహానికి మొహం ఆనించడం, తోక, చెవులు: వద్దు.
6. తింటున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు: వద్దేవద్దు.

కోడిపిల్లల్ని అయితే మూతికి ఆనించుకుని ముద్దాడనివ్వకండి, విరేచనాలు తెప్పించే సూక్ష్మజీవులు వాటి మీద ఉంటాయి. వీధుల్లో అమ్మే రంగులేసిన కోడిపిల్లలను ఈ పాఠం కోసం కొనకండి. అవి చాలావరకు నాలుగు రోజులు కూడా బతకవు, పిల్లకు మిగిలేది ఇంకో పాఠం.

కుక్క, పిల్లి, కోతి ఏది కరిచినా, రక్కినా, పుండు మీద నాకినా వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, "చిన్న గీతే కదా" అని ఆగకూడదు, రేబిస్ వచ్చాక వైద్యం లేదు. పిల్లకు మాత్రం ఒకటే మాట నేర్పండి: "ఏది గీరినా అమ్మకు చెప్పు, అమ్మ తిట్టదు." ఆ మాట మీరు నిలబెట్టుకోవాలి.

7. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

"మామయ్యకు ముద్దు పెట్టు" అని బలవంతం చేయడం. పిల్లిని బలవంతంగా ఎత్తుకోవద్దని చెప్పి, అదే పిల్లను ఎవరి చేతుల్లోకో తోసేస్తే చెప్పింది వృథా. మూడు దారులు ఇవ్వండి: నమస్తే పెడతావా, చెయ్యి కలుపుతావా, గాలిలో ముద్దు పంపిస్తావా. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, అది నిజమే. నేను మా అత్తగారితో, "అత్తయ్యా, వాడు ఇంకా మిమ్మల్ని చూసి అలవాటు పడలేదు, ఒక అరగంట మీరు వాడికేసి చూడకుండా పువ్వులు కట్టుకుంటూ కూర్చోండి" అన్నాను. ఇరవై నిమిషాలకు వాడే వెళ్ళి ఒళ్ళో కూర్చున్నాడు. ఆవిడ ఇప్పుడు ఇదే చిట్కా ఊరందరికీ తన పేరు మీద చెబుతోంది.

జంతువును చూపించి సిగ్గుపరచడం. "చూడు, కుక్కపిల్ల కూడా అమ్మ మాట వింటుంది, నువ్వే వినవు." ఇక ఆ కుక్కపిల్ల మీద పగ పెట్టుకుంటారు, తరవాత దాన్ని కొట్టేది అందుకే.

వీడియోలతో సరిపెట్టడం. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని, అంతకంటే తక్కువయితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పైగా నవ్వుల వీడియోల్లో "కౌగిలించుకుంటున్న" జంతువులు చాలాసార్లు భయంతో బిగుసుకున్నవే. వీడియో తప్పనిసరైతే శబ్దం తీసేసి, ఒక్క నిమిషం చూసి, ఆపి, ఆట ఆడండి.

పిల్ల కొడితే "ప్రేమగా ఉండు" అనడం. దానికి ఏం చేయాలో తెలియదు. చేయి పట్టుకుని, మెల్లగా నిమరడం ఎలాగో ముందు మీ చేతి మీద చేయించండి, తరవాత బొమ్మ మీద. "ఇలా" అన్న ఒక్క మాట సరిపోతుంది.

అపార్ట్‌మెంట్లో ఉన్నాం, జంతువులెక్కడివి అంటారా? బాల్కనీలో పావురాలున్నాయి, తల్లి, తండ్రి రెండూ వంతులేసుకుని పొదుగుతాయి, రెండూ మేపుతాయి. అద్దం ఇవతల నుంచి చూడండి, వాటి రెట్టలు ఎండితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళు తాతయ్యతో వీడియో కాల్‌ను వాడుకోవచ్చు: "ఎలా ఉన్నావ్, పాట పాడు" అని కాకుండా, తాతయ్య ఫోన్ పట్టుకుని పశువుల పాకలోకి వెళ్ళి దూడను రెండు నిమిషాలు చూపించాలి. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

8. వాళ్ళు అడిగే ప్రశ్నలు

వీటికి జవాబులు ముందే అనుకుని పెట్టుకోండి, నడిరోడ్డు మీద అడుగుతారు.

"ఆ కుక్కపిల్లకు అమ్మేది?" తెలియకపోతే తెలియదనే చెప్పండి. "వెతుక్కోవడానికి వెళ్ళి ఉంటుంది, అన్నం కోసం" అనవచ్చు, తల్లికుక్కలు అలా వెళ్ళడం మామూలే. ఇంటికి తీసుకొస్తామని మాట ఇవ్వకండి, తేలేకపోతే.

"కోడి వాళ్ళ నాన్న ఏం చేస్తాడు?" పుంజు పిల్లల్ని పొదగదు, పెద్దగా పట్టించుకోదు. నాన్న దగ్గర లేని పిల్ల అడిగితే అక్కడే కథ పొడిగించకండి, "కొంగకు నాన్న నీడ పడతాడు, కోడికి అమ్మ చూసుకుంటుంది, ఏనుగుకు అమ్మమ్మ ఉంటుంది" అని చెబితే తనకు కావలసింది తనే తీసుకుంటుంది.

"కోడిని మనం తింటాం కదా?" మీ ఇంట్లో తింటే తింటామనే చెప్పండి. అబద్ధం ఆదివారం దాకా కూడా నిలవదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది దూడ ప్రశ్న. ఆవు చేపడానికి దూడను వదులుతారు, పాలు దిగగానే తాడు పట్టి పక్కకు లాగి కట్టేస్తారు. అది చూసి మావాడు, "దూడ పాలు మనం తాగేస్తున్నామా?" అన్నాడు. మా పాలాయన పక్కనే ఉండి, "ఒక చన్ను దానికే వదిలేస్తాం బాబూ" అని మళ్ళీ దూడ కట్టు విప్పి చూపించాడు, అది పరిగెత్తుకెళ్ళి పొదుగును తలతో పొడిచి పొడిచి తాగింది. మర్నాటి నుంచి మావాడు గ్లాసులో అడుగున ఒక గుక్క వదిలేయడం మొదలుపెట్టాడు, "ఇది దూడకి" అని. మీ ఇంట్లోనూ ఇలాంటిది మొదలైతే "తాగెయ్" అని గదమాయించకండి. పోసే పాలలో ఒక గుక్క ఎక్కువ పోయండి. మిగిలినది ఏ పెరుగుకో తోడు వేసుకోండి, వాడు చూడనప్పుడు.